భిలాయ్‌లో భద్రత ఎవరి పని?

భిలాయ్ ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందానికి అది ఫలితం. దుర్గ్ జిల్లా రైతుబిడ్డలు, ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబాలు, దేశం నలుమూలల ఇంజినీర్లు ఆ ఊరికి చేరారు. కరిగిన ఇనుముతో, కొలిమి వాయువుతో పనిచేయడం వారిలో చాలామందికి కొత్త. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అప్పటికే అమల్లో ఉంది. అయితే ఆ చట్టం భద్రత భారాన్ని ప్రధానంగా యజమాని మీద, తనిఖీ బాధ్యతను ఇన్‌స్పెక్టర్ మీద పెట్టింది. కార్మికుడు రక్షణ పొందవలసినవాడే గానీ, దాని గురించి నోరు విప్పవలసినవాడిగా లెక్కలోకి రాలేదు.

ఆ చట్టంలోనే 36వ సెక్షన్ మాత్రం అసలు కిటుకు పట్టుకుంది. విషవాయువు ఉండే అవకాశమున్న ట్యాంకులోకో, గొట్టంలోకో మనిషి దిగాలంటే, లోపల ప్రమాదం లేదని అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా చెప్పాలి. లేదా దిగేవాడు శ్వాస పరికరం పెట్టుకోవాలి, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు కట్టుకోవాలి, ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. లోపలివాడి ప్రాణం బయటివాడి చేతిలో ఉంటుందన్న సంగతిని ఇంత సూటిగా చెప్పిన నిబంధన మరొకటి దొరకదు.

ఉక్కు కర్మాగారంలో ఆ తాడు విలువ తెలియాలంటే గ్యాస్ గురించి తెలియాలి. బ్లాస్ట్ ఫర్నేసు పైనుంచి వచ్చే వాయువులో సుమారు పావు వంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఎనిమిది గంటల షిఫ్టులో గాలిలో అది సగటున పది లక్షల్లో 50 పాళ్లు దాటకూడదు. కోక్ ఓవెన్ గ్యాస్ తీరు వేరు. దాంట్లో సగానికి పైగా హైడ్రోజనే కాబట్టి అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు. ఈ వాయువులను వృథా పోనివ్వకుండా పెద్ద పెద్ద గొట్టాల్లో ప్లాంటంతా తిప్పి ఇంధనంగా వాడతారు. అందువల్ల ఒక విభాగంలో చేసిన పొరపాటు మరో విభాగంలోని వాళ్ల ప్రాణం తీయగలదు.

బాధ్యతను పంచుకోవాలన్న ఆలోచన మెల్లగా వచ్చింది. జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడింది. 1973లో ఉక్కు పరిశ్రమ యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి భద్రత కోసం ఉమ్మడి కమిటీని నెలకొల్పాయి. 1976 సవరణతో వెయ్యి మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్లు తప్పనిసరి అయ్యారు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడు కూడా చట్టం దృష్టిలో కార్మికుడేనని తేలిపోయింది. 1984 డిసెంబరు నాటి భోపాల్ గ్యాస్ విషాదం తర్వాతే అసలు మలుపు వచ్చింది. ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీలను 1987 సవరణ తెచ్చింది. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని నేరుగా యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కునూ కార్మికుడికి ఇచ్చింది.

కాగితం మీది పంపకం నేల మీద సరిపోలేదని 2014 జూన్ 12 చూపించింది. ఆ సాయంత్రం భిలాయ్ ప్లాంటు రెండో నంబరు పంపు హౌస్‌లో నీటి ఒత్తిడి పడిపోయింది. నీరు పోవలసిన గొట్టం గుండా ఫర్నేసు గ్యాస్ వెనక్కి తన్నింది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా 6 మంది చనిపోయారు, 30 మందికి పైగా అస్వస్థులయ్యారు. నీళ్ల పంపులున్న చోటుకు గ్యాస్ వస్తుందని అనుకునేవాళ్లు తక్కువ. నీటి విభాగానికీ ఫర్నేసు విభాగానికీ మధ్య ఉన్న గీతను గ్యాస్ పట్టించుకోలేదు. దీనికి రెండేళ్ల ముందు, 2012 జూన్ 13న, విశాఖ ఉక్కు కర్మాగారం కొత్త స్టీల్ మెల్టింగ్ షాపు ఆక్సిజన్ విభాగంలో పేలుడు 19 మందిని బలిగొంది. అక్కడా మృతుల్లో అధికారులున్నారు, కార్మికులున్నారు.

2018 అక్టోబరు 9న భిలాయ్ 11వ కోక్ ఓవెన్ బ్యాటరీ గ్యాస్ లైను దగ్గర మంటలు లేచాయి. గొట్టాన్ని మూసి ఉంచడానికి అతుకుల దగ్గరి ఫ్లాంజిల మధ్య పెట్టే ఇనుప పలకను తీసే పని, అంటే డీబ్లాంకింగ్, అప్పుడు జరుగుతోంది. అది అనుకోకుండా నెత్తినపడ్డ పని కాదు, ముందే నిర్ణయించుకున్న మెయింటెనెన్స్. తోడుగా నిలబడ్డ ఫైర్ సిబ్బంది కూడా మంటల్లో చిక్కుకున్నారు. 9 మంది వెంటనే చనిపోయారు, ఆసుపత్రిలో మరికొందరు కన్నుమూశారు. ప్లాంటు సీఈఓను పదవి నుంచి తప్పించారు, భద్రత, ఎనర్జీ మేనేజ్‌మెంట్ విభాగాల అధికారులిద్దరిని సస్పెండ్ చేశారు. పై అధికారికి జవాబుదారీతనం ఉండాల్సిందే. ఆ పని మొదలుపెట్టే ముందు ఆపమనగలిగే అధికారం ఆ పలక దగ్గరున్న మనిషికి ఉందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్న కాంట్రాక్టు కార్మికుడి దగ్గర మరీ పదునెక్కుతుంది. భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో 1977లోనే కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి కాంట్రాక్టు కార్మికులను సంఘటితం చేశారు. ఆ కార్మికులు 1983లో తమ సొంత షహీద్ ఆసుపత్రిని నిలబెట్టుకున్నారు. 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయ్‌లోనే హత్యకు గురయ్యారు. నోరు విప్పడానికి అందరూ ఒకే మూల్యం చెల్లించరు. పర్మనెంట్ ఉద్యోగి ప్రమాదముందని చెప్పి పని ఆపితే మహా అయితే పై అధికారి కోపానికి గురవుతాడు. కాంట్రాక్టు కార్మికుడికి మర్నాడు ప్లాంటులోకి రానిచ్చే గేట్ పాస్ దక్కుతుందో లేదో తెలియదు.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు అందులోనూ ఉంది. ఆ హక్కును వాడుకున్న కాంట్రాక్టు కార్మికుడి గేట్ పాస్‌కు పూచీ పడే ఏర్పాటును యాజమాన్యం, సంఘాలు కలిసి చేయాలి.