చక్రవర్తి పేరున చెల్లిన బంగారము

రాజు గతించి, రాజ్యము చేతులు మారిన పిమ్మట ఆ రాజు పేరిట నాణెములు ముద్రించువారుందురా? క్రీ.శ. 5, 6 శతాబ్దులలో పశ్చిమ ఐరోపాలో సరిగా ఇదియే జరిగినది.

రోమను చక్రవర్తి కాన్‌స్టంటైను 4వ శతాబ్ది ఆరంభమున సొలిడస్ అను బంగారు నాణెమును ప్రవేశపెట్టెను. ఒక రోమను పౌను బంగారమునకు 72 నాణెములు. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు, అనగా మన అరతులమునకు తక్కువ. సైనికుల జీతములు, పన్నులు, దూరదేశపు వర్తకము దీనితోనే సాగెడివి. దీనిలో మూడవవంతు నాణెమునకు ట్రెమిసిస్ అని పేరు.

తరువాత జర్మానిక్ జాతులు సామ్రాజ్యమును పంచుకొనిరి. దక్షిణ గాల్ దేశమున విసిగోతులు, స్పెయిను వాయవ్యమున సుయేవులు, రోను నదీతీరమున బర్గండీయులు స్థిరపడిరి. 476లో పశ్చిమ చక్రవర్తి పదవియే అంతరించెను. 493లో ఆస్ట్రోగోతు రాజు థియొడొరిక్ ఇటలీకి ప్రభువయ్యెను. అయినను ఆయన బంగారు నాణెములపై కాన్‌స్టాంటినోపుల్‌లోని అనస్టేసియస్ చక్రవర్తి పేరే ఉండెను. తన పేరులోని అక్షరములను అల్లిన గుర్తును ఆయన వెండిపై వేయించెను. సుయేవులైతే 423లో మరణించిన హొనోరియస్ పేరిట అటుపైనను సొలిడస్‌లు ముద్రించుచునే యుండిరి.

కారణము సులభగ్రాహ్యము. కత్తికి లోబడిన ప్రజ వేరు, కాటాపట్టిన వర్తకుడు వేరు. వర్తకునికి అలవాటైన ముఖము, అలవాటైన పేరు కావలెను.

ఈ అనుకరణలలో కొన్ని అసలు నాణెములను చక్కగా పోలియున్నవి. మరికొన్నింటిలో ముద్ర చెక్కినవానికి లాటిను రాదేమో, అక్షరములు తలక్రిందులై, వట్టి గీతలైనవి. రెక్కల విజయదేవత నాలుగు పుల్లల బొమ్మగా మారినది. బంగారపు వన్నెయు తగ్గుచు వచ్చెను. తూకము సరిపోయిన ఏ సొలిడస్‌నైనను పన్ను వసూలుదారులు స్వీకరింపవలెననియు, గాల్ నాణెము బంగారము వెల తక్కువ గనుక దానికి మాత్రము మినహాయింపనియు మజోరియన్ చక్రవర్తి 458లో శాసించెను.

ఈ మర్యాదను దాటినవాడు ఫ్రాంకుల రాజు థియుడెబర్ట్ (534–548). బంగారముపై ఆయన తన పేరే వేయించెను. పారసీక రాజు సైతము వెండినే తన ఇష్టము వచ్చినట్లు ముద్రించునుగాని, బంగారముపై తన రూపము వేయుట తగదనియు, అట్టి నాణెము బేరములో చెల్లదనియు చరిత్రకారుడు ప్రొకోపియస్ ఆక్షేపించెను. విశేషమేమనగా, పేరు మారినను థియుడెబర్ట్ నాణెములపై బొమ్మ చక్రవర్తి బొమ్మ తీరుననే యున్నది. పిమ్మట స్పెయినులో విసిగోతు రాజు లియువిగిల్డ్ (568–586) కూడ తన పేరిట బంగారు నాణెములు వేయించెను.

విసిగోతులు 418లో గాల్‌లో స్థిరపడిరి. దేశములను గెలుచుకొన్న ఈ రాజులకు బంగారముపై తమ పేరు వ్రాసుకొను ధైర్యము కలుగుటకు, ఆనాటినుండి నూరేండ్లు దాటవలసి వచ్చినది.