కోలారు బంగారు గనులు: చరిత్ర, అవశేషాలు

మద్రాసు–బెంగుళూరు రైలు మార్గంలో పూర్వం బౌరింగ్‌పేట అనే కూడలి ఉండేది. మైసూరు కమిషనరు లెవిన్ బౌరింగ్ పేర వెలసిన ఆ ఊరు కాలక్రమాన బంగారుపేట అయింది. చెంతనే బంగారం లభిస్తుండగా ప్రజల నోట పేరు అలా మారడంలో వింత లేదు. అక్కడి నుండి మారికుప్పం వరకు 1894లో వేసిన చిన్న శాఖా మార్గమే కోలారు గనులకు జీవనాడి. రైలు కొలువులకై బిలాస్‌పూరు చేరి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల వలెనే, చిత్తూరు, కుప్పం ప్రాంతాల తెలుగువారు, ఉత్తర ఆర్కాటు తమిళులు గని పనికై ఇక్కడికి తరలివచ్చారు.

ఈ బంగారాన్ని కనుగొన్న ఘనత ఆంగ్లేయులది కాదు. నిప్పుతో రాతిని కాల్చి, నీరు చల్లి పగులగొట్టి, పేరు తెలియని పూర్వులు ఇక్కడ లోతైన గోతులు త్రవ్వి ఉన్నారు. 1802లో సరిహద్దుల సర్వేకు వచ్చిన జాన్ వారెన్‌కు బంగారు రవ్వలను మట్టి నుండి కడిగి చూపినది గ్రామస్థులే. 1870 దశకంలో మైకేల్ లావెల్ త్రవ్వకపు హక్కులు పొందాడు. 1880 నాటికి జాన్ టేలర్ సంస్థ రంగప్రవేశం చేసింది. మూలధనం దాదాపు హరించుకుపోయిన దశలో, ఆ పాత గోతుల దిగువనే సుసంపన్నమైన చాంపియన్ సిర దొరికింది.

ఆపై జరిగినదంతా భూగర్భంలోనికి పయనమే. గనుల యంత్రాలకై 1902లో శివసముద్రం నుండి దాదాపు 147 కిలోమీటర్ల దూరం విద్యుత్తును తెచ్చారు. నాటికి ప్రపంచంలోని పొడవైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. చివరికి లోతు 3 కిలోమీటర్లు దాటింది. అక్కడ రాతి వేడిమి 60 డిగ్రీలను మించేది; ఒత్తిడి వల్ల బండలు ఒక్కసారిగా పేలి కార్మికులను బలిగొనేవి. మిగిలినవారి ఊపిరితిత్తులను రాతి ధూళి మెల్లగా తినివేసేది. అంతటి శ్రమ చేసేవారిని కంపెనీ అనుమానంతోనే చూసింది. వేలిముద్రలతో తమను నమోదు చేయడాన్ని అవమానంగా భావించిన కార్మికులు 1930లో సమ్మెకు దిగారు.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను స్వాధీనం చేసుకున్నాయి. 1965లో ఈ లోతుల్లోనే శాస్త్రజ్ఞులు విశ్వకిరణాల వల్ల పుట్టిన న్యూట్రినోలను గుర్తించారు. కాని తొలినాళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా లభించిన బంగారం 3 గ్రాముల స్థాయికి పడిపోయింది. 800 టన్నులకు పైగా బంగారాన్ని ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చిత్తూరు జిల్లాలోని చిగరగుంట, బిసానత్తం గనులు కూడ ఆ ఏడే ఆగిపోయాయి.

నేడు అక్కడ కనబడేవి తుప్పు పట్టిన ఇనుప గోపురాలు, నీట మునిగిన గని బావులు, ఇంగ్లీషు దొరల బంగళాలు, వాటికి దూరంగా ఇరుకైన కార్మికుల వరుస ఇళ్లు. అన్నిటికన్న ఎత్తుగా నిలిచినవి సయనైడు దిబ్బలు. బంగారం తీయగా మిగిలిన రాతిపొడి 3 కోట్ల టన్నులకు పైగా అలా పేరుకొని ఉంది. గాలి వీచినపుడల్లా ఆ పొడి ఇళ్ల మీదికి లేస్తుంది. గని కార్మికుల బిడ్డలు వేలాదిగా తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, కూలికీ కొలువుకూ బెంగుళూరు వెళ్లి, రాత్రికి తిరిగి వస్తున్నారు.