అల్లసాని, పెమ్మసాని: "సాని" తుదనుండు నింటిపేళ్ళు

ఆంధ్రదేశమున నింటిపేళ్ళు పెక్కులు గ్రామనామములనుండి పుట్టినవి. తాళ్ళపాకవారిది రాజంపేటకుఁ జేరువనున్న తాళ్ళపాక. పాలకుఱికి సోమనాథునిది పాలకుర్తి. పోతన పూర్వులది యా పాలకుర్తి చెంతనే యున్న బమ్మెర. ఇట్టి పేళ్ళ పుట్టువును దెలిసికొనుట కష్టము గాదు. దేశపటము విప్పి యూరిని జూపినఁ జాలును. కాని కడప మండలముతో సంబంధముగల రెండు ప్రసిద్ధమైన యింటిపేళ్ళు ఈ పద్ధతికి లొంగవు. శ్రీకృష్ణదేవరాయల కాలమున (1509–1529) నొకటి కవిత్వమునందును, నొకటి యుద్ధమునందును బేరెక్కినది. మొదటిది ఆంధ్రకవితాపితామహుఁడగు అల్లసాని పెద్దనార్యుని యింటిపేరు. రెండవది గండికోట నేలిన పెమ్మసాని నాయకుల యింటిపేరు. పెద్దన నందవరిక బ్రాహ్మణుఁడు, పెమ్మసానివారు కమ్మవారు. ఈ రెండు వంశములకు బంధుత్వము లేదు. అయినను రెండు పేళ్ళ తుదను నొకే మాట, సాని యనునది, నిలిచియున్నది.

ఈ మాటయే చిక్కు దెచ్చినది. నేఁటి వాడుకలో సాని యనఁగా వేశ్య యని యర్థము. 1897 లో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము వెలువడునాఁటికే యీ యర్థము స్థిరపడిపోయినది. కావున మనుచరిత్రము చెప్పు పండితుని శిష్యుఁ డెవఁడైన "అయ్యా, అల్లసాని యనఁగా నేమి?" యని యడిగినచో, నది యొక యింటిపేరని చెప్పి తరువాతి పద్యమునకుఁ బోవుట వాడుక. ఇంకను సిగ్గరులు క్రొత్త వ్యుత్పత్తులు గల్పింతురు. పదచరిత్రము దెలిసినచో నీ లజ్జకుఁ దావు లేదని చూపుటయే యీ వ్యాసమున కుద్దేశము. ఆ దారిలో నిట్టి యింటిపేళ్ళ వ్యాప్తియుఁ గొంత తెలియఁగలదు.

సాని శబ్దము సంస్కృతపు స్వామినీ శబ్దమునుండి ప్రాకృతమున సామిణీ యను రూపము మీఁదుగా వచ్చిన తద్భవము. స్వామి శబ్దమునకు స్త్రీరూపము. ఇంటికిఁ గాని యూరికిఁ గాని యధికారిణి యని తాత్పర్యము. ఈ ప్రాచీనార్థము దొరసాని యను మాటలో నేఁటికిని జెడక నిలిచియున్నది. దొరసాని యని పిలుచువాని మనసునకు దుష్టార్థము రానేరాదు. మంత్రసాని యను మాటయు నట్టిదే. పురిటింట నందఱిమీఁదను నాజ్ఞ చెల్లునది యామెకే గదా.

కాకతీయుల కాలపు శాసనములు చూచినవారికి సందేహ ముండదు. సూర్యాపేటకుఁ జేరువనున్న పిల్లలమఱ్ఱిలో రేచర్ల బేతిరెడ్డి భార్య యెఱకసాని 1208 లో శివాలయము గట్టించినది. ఆ దేవుఁడు నేఁటికిని నెఱకేశ్వరుఁడే. ఒక సామంతుని ధర్మపత్ని తన పేరు దేవునకుఁ బెట్టినది. ఆ పేరి తుదను సాని యని యుండుట యామెకు గౌరవమే గాని కొఱఁత గాదు.

అయినచో నీ మాట యెట్లు దిగజాఱినది? దేవాలయములందు నృత్యగీతాది సేవ లొనర్చు స్త్రీలకును నీ గౌరవపదమే చెల్లెను. కోస్తా దేవాలయశాసనములలోఁ గానవచ్చు సానిమున్నూఱను సంఘము గుడి వ్యవహారములందు స్థానము గలిగినది. రాజపోషణము తొలఁగి, మాన్యములు సన్నగిలి, వారి జీవనము మాఱినకొలఁది వారిని జెప్పు మాటయు నీచార్థమునకు దిగినది. 1947 లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును జట్టముచే నిషేధించునప్పటికి సాని యను మాటకుఁ బూర్వగౌరవ ముండెనని తలంచువా రరుదైరి. ఇంటిపేళ్ళు మాత్ర మా పతనమునకుఁ జాలముందే యేర్పడినవి; అవి పాతయర్థమును దమతోనే యుంచుకొన్నవి.

ఇంతవఱకు దారి తిన్ననిదే. కాని కడప మండలమునందే వేఱొక మూలమున కాధారము గలదు. దానిని బరిశీలింపక విడుచుట న్యాయము గాదు. కాకతి గణపతిదేవుని కొలువున గండపెండేర గంగయసాహిణి యను కాయస్థనాయకుఁ డుండెను. ఆతఁడు మొదట తురగసాధనికుఁడు, అనఁగా నశ్వదళాధికారి. సాధనిక శబ్దమే సాహిణి యైనది. ఆతని వంశమున జన్నిగదేవుఁడును, ద్రిపురారిదేవుఁడును, రుద్రమదేవిపైఁ దిరుగఁబడిన యంబదేవుఁడును వల్లూరు రాజధానిగాఁ బాలించిరి. ఆ వల్లూరు కడప మండలమునఁ గమలాపురమునకుఁ జేరువ. పెద్దన యగ్రహారమగు కోకటమును గమలాపుర ప్రాంతమునందే యున్నది. వాఙ్మయమునను సాహిణి శబ్దము క్రొత్తది గాదు. భాస్కరరామాయణమునకుఁ గృతిపతి సాహిణి మారన. ఈ సాహిణిలో హకారము జాఱిన సాణి యగును. సాణి వాడుకలో సాని యగును. పెమ్మసానివారు యుద్ధవీరులు. గుఱ్ఱపుదళపు నాయకుని యుద్యోగనామము వారి కింటిపేరగుట సహజముగాఁ గన్పట్టును. గంగసాని యను నింటిపేరు గలవారును మన దేశమున నున్నారు. గంగయసాహిణిని దలఁచినవాని కింతకంటె నేమి కావలయును?

వాదము బలమైనదే. అయినను దీని నంగీకరింప నాకు మనసొప్పదు. ణకార నకార భేదమును నేను బాటింపను. సామిణీ యందును ణకారమే గలదు గావున నది యే పక్షమునకును సాక్ష్యము గాదు. నాకుఁ దోఁచిన కారణము వేఱు. సాహిణి పురుషుని యుద్యోగనామము. అది పేరునకుఁ బిదప వచ్చునపుడు గంగయసాహిణి యన్నట్లు పురుషనామమునకుఁ జేరును; అయ్య శబ్దపు శేషమగు యకార మచ్చట స్పష్టముగ వినఁబడును. స్త్రీనామముల కీ యకారము లేదు. ఎఱకసాని యనియే కాని యెఱకయసాని యని యుండదు. ఇఁక నింటిపేళ్ళఁ జూతము: అల్లసాని, పెమ్మసాని, గంగసాని, పోలసాని, నూకసాని, ముద్దసాని. ఒక్కదానియందైన యకారము లేదు. అంతియ కాదు, గంగ, పోల, నూక యనునవి గంగమ్మ, పోలేరమ్మ, నూకాలమ్మ యను గ్రామదేవతల పేళ్ళు. తల్లిదండ్రులు మ్రొక్కుకొని యాఁడుబిడ్డలకుఁ బెట్టుకొను పేళ్ళు. పోలయ్య, నూకయ్య యని మగవారికిని బెట్టుదురు గదా యని యడుగవచ్చును. నిజమే, కాని యప్పుడు పోలయసాహిణి, నూకయసాహిణి యని యుండవలయును. అవి పోలసాని, నూకసాని యగుటకుఁ బ్రతిపేరియందును యకార మొకమాఱు, హకార మొకమాఱు జాడలేక జాఱవలయును. ఆఱింటియందును నట్లు జాఱినవనుట నమ్మశక్యము గాదు. స్త్రీనామ మన్నచో నొక్క యక్షరమునైనఁ గోలుపోవ నక్కఱలేదు. సాహిణి మారన యన్నట్లు బిరుదము పేరునకు ముందు వచ్చు నుదాహరణములు మన ప్రశ్నకు సంబంధింపవు.

వ్యాప్తియు నీ పక్షమునే బలపఱుచుచున్నది. పోలసానివారు వెలమలయందును, ముద్దసాని గంగసానివారు రెడ్లయందును, బెమ్మసానివారు కమ్మలయందును గలరు. ఉత్తరమునఁ గరీంనగర ప్రాంతమునుండి దక్షిణమునఁ గడప వఱకు నీ పేళ్ళు చెదరియున్నవి. కాయస్థుల యేలుబడి వల్లూరిని గేంద్రముగాఁ జేసికొన్నది; వారి యశ్వదళముతో నీ పేళ్ళు పుట్టియున్నచో నచ్చటనే గుంపుగూడి యుండవలసినది. అట్లు గాక, భూమిపైఁ బెత్తనముగల కులములం దనేకములలో, దూరదూరముగ నుండుట "ఊరి దొరసాని" యను నర్థమునకే యనుకూలించును.

వంశమునకు స్త్రీపేరు వచ్చునా యని శంక గలుగవచ్చును. శాతవాహనరాజులు గౌతమీపుత్త్రుఁడు, వాసిష్ఠీపుత్త్రుఁడు అని తల్లుల పేళ్ళతోనే శాసనములలోఁ బేర్కొనఁబడిరి. పలువురు భార్యలుగల నాయకుని బిడ్డలలో నెవ రే తల్లివారో చెప్పవలసి వచ్చినపుడును, భర్త గతించిన పిదప నూరి పెత్తనము వహించిన యాలి బిడ్డలను బేర్కొనవలసినపుడును లోకులు తల్లి పేరే చెప్పుదురు. రెండు మూఁడు తరములు గడచిన నదియే యింటిపేరు.

అల్లసానివారి సంగతి కొంత వేఱు. మనుచరిత్రము నాశ్వాసాంతగద్యమునఁ బెద్దన తన్ను నందవరపు వంశమువానిగాను, అల్లసాని చొక్కయామాత్యుని పుత్త్రునిగాను జెప్పుకొన్నాఁడు. నందవరము కర్నూలు సీమలో బనగానపల్లె చెంతనున్న చౌడేశ్వరీ క్షేత్రము. నందవరికుల కెల్ల నది మూలస్థానము. కోకటము రాయలిచ్చిన యగ్రహారము. ఆ సంగతి రాయలు గతించిన పిదపఁ బెద్దన శోకించి చెప్పినదిగాఁ బ్రసిద్ధమైన పద్యము తెలుపుచున్నది. ఇట్లు కవి శాఖానామము కర్నూలునుండియు, నగ్రహారము కడపనుండియు రాఁగా, నింటిపేరు మాత్ర మే యూరిని జెప్పకున్నది. గద్యమున నది తండ్రి పేరికి ముందుండుట గమనింపఁదగినది. అది రాయల సన్మానముతోఁ బెద్దనకు వచ్చిన బిరుదము గాదు. చొక్కయామాత్యునికే యున్న యింటిపేరు.

బ్రాహ్మణస్త్రీల పేళ్ళకు సామాన్యముగ అమ్మ, అంబ యనునవి చేరును. పోతన తల్లి లక్కమాంబ. కావున అల్లసాని పెద్దన పూర్వులలో నొక బ్రాహ్మణి యనుకొనుటకంటె, నా వంశమువారి కొకప్పుడు వృత్తి నొసంగి పోషించిన యొక దొరసాని యనుకొనుట లెస్స యని నా తలంపు. నియోగులు దొరల కొలువులఁ బ్రధానులై, వ్రాయసకాండ్రై జీవించినవారు. అల్లసాని కొలువునఁ బెద్దకాల మున్నవారు అల్లసానివారైరి. "అల్ల" యను పేరు కల్పితము గాదు. రాజమహేంద్రవర మేలిన రెడ్లలో అల్లాడరెడ్డి కుమారుఁడు అల్లయ వేమారెడ్డి. ఇందుఁ బురుషరూపము "అల్లయ" యని యకారముతో నుండఁగా నింటిపేరియందు "అల్ల" యని మాత్రమే యుండుట పైవాదమునకు మఱియొక సాక్ష్యము.

ఇఁకఁ బెమ్మసాని. ఇందు మొదటిపదము కన్నడపు సరిహద్దును దలపించుచున్నది. పెర్ యనునది పెద్దఱికమును దెల్పు మాట. మన పేర్మి, పెంపు, కన్నడపుఁ బెర్మాడి దానికిఁ జుట్టములు. కల్యాణి చాళుక్యుఁడగు నాఱవ విక్రమాదిత్యునకుఁ బెర్మాడి యను పేరు గలదు. పెర్మ యందలి రేఫ మకారముతోఁ గలిసి పెమ్మ యగుట సులభము. పెద్ద దొరసాని యనియే పేరి కర్థము గావచ్చును.

ఈ వంశమువారు పెన్నానది యిరుకులోయ యంచున నున్న గండికోటను స్థావరముగాఁ జేసికొని విజయనగరసామ్రాజ్యమునకు సైన్య మొసంగిరి. రాయవాచకమున సుల్తానులతోడి యుద్ధఘట్టమునఁ బెమ్మసాని రామలింగనాయనిదే ప్రధానపాత్ర. తాడిపత్రియందలి బుగ్గ రామలింగేశ్వరాలయమును, జింతల వేంకటరమణాలయమును వీరి కట్టడములని ప్రసిద్ధి. ఒక విషయ మిచ్చట వింతగొలుపును. ఇదే సీమలో ఆరవీటి వంశపు శాఖలు తా మేలిన దుర్గముల పేళ్ళనే గైకొని నంద్యాలవారు, అవుకువారు నైరి. కళాపూర్ణోదయమును గృతినందిన కృష్ణమరాజు నంద్యాల కృష్ణమరాజే. నిజమునకు ఆరవీటివా రను పేరే యొక యూరి పేరు. పెమ్మసానివారు మాత్రము గండికోటవంటి ప్రసిద్ధదుర్గమును బెక్కుతరము లేలియుఁ దమ పాతపేరు విడువరైరి. దుర్గమునకంటె ముందే యా పేరు వారికి గట్టిపడియుండును.

1650 లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను బట్టుకొనెను. ఫ్రెంచి రత్నవర్తకుఁడు టావెర్నియే 1652 లో నచ్చటికి వచ్చి యాతనిఁ గోటయందే కలిసికొన్నాఁడు. దుర్గము పోయిన పిదపఁ బెమ్మసానివారు చెదరిరి. తూర్పున గుంటూరు సీమలో నీ యింటిపేరు గలవారు నేఁటికిని నున్నారు. దక్షిణమునకుఁ బోయినవారు తిరునల్వేలి సీమలోఁ గురువికుళము జమీని సంపాదించి యఱవలనడుమఁ దెలుఁగువారై నిలిచిరి. 1948 నాఁటి మద్రాసు చట్టముతో జమీలు రద్దయినవి. పెమ్మసాని యను నింటిపేరు మాత్ర మచ్చటను బోలేదు.