పద్యంలో ఇరవై అంకెల సంఖ్య



చదరంగం పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు పెట్టాలి. ఇలా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లలో మొత్తం ఎన్ని గింజలు పడతాయి? జవాబు 18446744073709551615. గింజకు 25 మిల్లీగ్రాముల చొప్పున చూస్తే సుమారు 46,000 కోట్ల టన్నులు. గోదావరి డెల్టాను, ‘ధాన్యపు గిన్నె’ అని పేరున్న ఛత్తీస్‌గఢ్‌ను కలుపుకొని ప్రపంచమంతా నేడు పండిస్తున్న బియ్యం ఈ లెక్కకు చాలాలంటే ఎనిమిది వందల ఏళ్లకు పైగా పడుతుంది.

ఈ సంఖ్య తెలుగులో ఒక పద్యంగా ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆయన 11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుని కాలంవాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. చదరంగపు లెక్క చెప్పే పద్యం ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది.

అందులో అంకెలు లేవు, మాటలే ఉన్నాయి. చంద్రుడు ఒక్కడే కనుక 1, వేదాలు 4, మన్మథుని శరాలు 5, కులగిరులు 7, దిగ్గజాలు 8, గగనం శూన్యం కనుక 0. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు అంకెలు వేసుకుంటూ పోవాలి.

పద్యమైతే నోటికి వస్తుంది, మాట తప్పితే నడక చెడుతుంది. అయితే ఛందస్సు ప్రతి తప్పునూ పట్టలేదు. ‘చంద్ర’, ‘వేద’ రెండూ గురువు, లఘువే. యతిప్రాసల స్థానంలో కాక మరోచోట ఒకదాని బదులు మరొకటి పడితే పద్యం సాఫీగానే నడుస్తుంది, కాని 1 పోయి 4 వస్తుంది. ఆ తప్పును పట్టేది గణితమే.

ఎలాగో చూద్దాం. 2ను వర్గం చేస్తే 4, దాని వర్గం 16, తర్వాత 256. ఇలా ఆరుసార్లు వర్గం చేస్తే 2 యొక్క 64వ ఘాతం వస్తుంది. అందులో ఒకటి తీసేస్తే మన సంఖ్య. ప్రతి మెట్టులోనూ 9తో భాగిస్తే మిగిలే శేషాలు వరుసగా 2, 4, 7, 4, 7, 4, 7. చివరి 7లో ఒకటి తీస్తే 6. పద్యంలోని అంకెల మొత్తం 87, దాని శేషమూ 6. పైన చెప్పినట్లు 1 స్థానంలో 4 పడితే మొత్తం 90 అయి శేషం 0 వస్తుంది, తప్పు బయటపడుతుంది.

ఇదే సంఖ్యను 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా రాయవచ్చు. వీటిలో చివరిది కూడా ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. కాదు, అది 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపాడు.

కవి చెప్పినా, ఫెర్మా అంతటివాడు చెప్పినా లెక్క సరిచూసుకోవలసిందే. మీరూ 641ని 6700417తో గుణించి చూడండి.