చెవి ముందున్న కీలు

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే వేలి కింద కదిలేదే దవడ కీలు. ఇది తలుపు బందులా తిరిగి ఊరుకోదు, నోరు పెద్దగా తెరిస్తే ముందుకు జారుతుంది కూడా. మధ్యలో ఒక పల్చటి బిళ్ల. ఎడమా కుడీ రెండు కీళ్లూ ఎప్పుడూ కలిసే కదలాలి. అందుకే దాని జబ్బులు వైద్యుల్ని అంతగా తికమకపెట్టాయి.

జారిన దవడను ఎక్కించడం మాత్రం చాలా పాత విద్య. సుమారు క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు పపైరస్ ఒకటి బొటనవేళ్లు నోట్లో, మిగతా వేళ్లు గడ్డం కింద పెట్టి వెనక్కి నెట్టమంది. సుశ్రుతుడు కాపడం పెట్టి, కీలు సర్ది, పంచాంగీ కట్టు కట్టమన్నాడు. చరకుడు దవడ పట్టుకుపోవడాన్ని హనుగ్రహమని వాతరోగాల్లో చేర్చాడు. ఆవులించి నోరు మూయలేక క్యాజువాలిటీకి వచ్చినవాళ్లకు ఇవాళ చేసేదీ దాదాపు ఆ పపైరస్ చెప్పిందే. డాక్టరు బొటనవేళ్లకు గాజుగుడ్డ చుట్టుకుని, కింది దవడ పళ్ల మీద ఆనించి ముందు కిందికి అదిమి, తర్వాత వెనక్కి నెడతారు. కీలు టక్కున గూట్లో పడగానే నోరు మూసుకుంటుంది. ఆ గుడ్డ లేకపోతే వేళ్లు పళ్ల మధ్య నలుగుతాయి.

నొప్పి సంగతి వేరు. 1887లో ఎడిన్‌బరోలో థామస్ అనాండేల్ తప్పుకున్న బిళ్లను సర్ది కుట్టాడు. 1934లో సెయింట్ లూయిస్ చెవి వైద్యుడు జేమ్స్ కాస్టెన్ పదకొండు మంది రోగుల్ని చూసి, వెనక పళ్లు ఊడితే దవడ వెనక్కి నొక్కుకుని చెవిపోటు, తలనొప్పి వస్తాయన్నాడు. శరీర నిర్మాణం తెలిసినవాళ్లు ఆ వివరణ నిలవదని తర్వాత తేల్చినా, పళ్ల ఎత్తు పెంచడం, పళ్లు అరగదీయడం దశాబ్దాలు సాగాయి. అసలు చాలామందిలో నొప్పి నమిలే కండరాలదని న్యూయార్కులో లాస్లో ష్వార్ట్జ్, 1969లో డేనియల్ లాస్కిన్ చెప్పాక ఆలోచన మళ్లింది. 1980లలో అమెరికాలో టెఫ్లాన్ పూతతో చేసిన కృత్రిమ బిళ్లలు అమర్చారు. అవి పొడిపొడిగా రాలి, ఒళ్లు వాటిమీద తిరగబడి, పక్క ఎముకే తినుకుపోయింది. ఆ దశాబ్దం దాటగానే వాటిని వెనక్కి తీసుకున్నారు. వాటిని పెట్టించుకున్నవాళ్లకు అప్పటికే జరగాల్సిన నష్టం జరిగింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలతపెట్టేది ఇదే. 1991లో రెండు సూదులతో కీలును సెలైన్‌తో కడిగే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఎక్కువమందికి మెత్తటి తిండి, వేడి కాపడం, వ్యాయామం, అవసరమైతే రాత్రి పళ్లకు తొడుగు చాలు.

మన నేల మీద ఈ కీలుకు ఇంతకన్నా పెద్ద ఆపద ఉంది. పావగడ తాలూకా కర్ణాటకదే అయినా, దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. చాలా ఇళ్లలో మాట తెలుగే. బోరు నీళ్ల ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను ఏం చేస్తుందో ఇక్కడ చెప్పనక్కర్లేదు. దవడ కీలు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పిల్లాడు అరుగు మీంచి గడ్డం ఆనేలా పడతాడు. గడ్డానికి కుట్లు వేస్తారు, గాయం మానుతుంది. దెబ్బ మాత్రం కొన్నిసార్లు చెవి ముందున్న కీలుకు పాకి, అక్కడ ఎముక చిట్లి, రక్తం గడ్డకట్టి, మెల్లగా పుర్రెకూ దవడకూ మధ్య ఎముక కట్టేస్తుంది. చెవిలో చీము ముదిరినా కొందరిలో ఇదే జరుగుతుంది. నిలువుగా మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో ఒక వేలూ పట్టదు. కింది దవడ ఎదగక గడ్డం లోపలికి పోయి పక్షి ముఖమవుతుంది. నిద్రలో ఊపిరి ఆడదు. గుట్కా తిన్నవాళ్లకూ నోరు బిగుసుకుంటుంది గానీ, అక్కడ గట్టిపడేది బుగ్గల లోపలి పొర, కీలు కాదు.

అలా అతుక్కున్న కీలుకు ఆపరేషన్ తప్పదు. మత్తు ఇవ్వడమే మొదటి గండం, ఎందుకంటే గొట్టం నోట్లోంచి దించలేరు. ఇప్పుడు సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించుతారు. బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాల 1958లో, హైదరాబాద్‌ది 1959లో మొదలయ్యాయి. ఇలాంటి చోట్లే ఈ శస్త్రచికిత్స నేర్పుతారు, చేస్తారు. అతుక్కున్న ఎముక కోసి తీసి, ఖాళీలో కణత కండరాన్ని మడిచి పెడతారు. ఎదిగే పిల్లలకు పక్కటెముక ముక్కతో దవడ కొమ్ము కడతారు.

కోత బాగా కుదిరినా నోరు ఆడించకపోతే మళ్లీ అతుక్కుంటుంది. కొద్ది రోజుల్లోనే వ్యాయామం మొదలుపెట్టి నెలల తరబడి చేయించాలి. నాలుక అదిమే చెక్క పుల్లల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య దూర్చుతారు. అలవాటయ్యాక ఇంకొకటి కలుపుతారు. పిల్లలు ఏడుస్తారు, తల్లులు ఆగిపోతారు. డిశ్చార్జి నాడే ఆ పుల్లల పని తల్లి చేత చేయించి చూసి, తర్వాత వచ్చిన ప్రతిసారీ నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలు పెట్టి కొలవాలి.