తవుడుతో పోయిన విటమిన్లు

పురుషోత్తంపూర్ చుట్టుపక్కల, ఋషికుల్య ఒడ్డున వరి పండించే మీకు తవుడు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. గేదె కుడితిలో గుప్పెడు తవుడు పడితే పాలెలా దిగుతాయో మీకే బాగా తెలుసు. ఆ తవుడు మనిషి అన్నంలోంచి పోయినప్పుడు ఏం జరిగిందో, ఆ సంగతి ఇవాళ చెప్పుకుందాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి నుంచి దక్షిణంగా కృష్ణ దాటేవరకూ ఉన్న తీరాన్ని ఉత్తర సర్కారులనేవారు. ఆ రోజుల్లో ప్రెసిడెన్సీ మొత్తం మీద బెరిబెరి జబ్బు ఎక్కువగా కనబడినది ఈ సర్కారుల్లోనే. కాళ్లు తిమ్మిరెక్కి నడక పోయేది, ఒళ్లు ఉబ్బేది, ఒక్కొక్కరికి గుండె ఆగిపోయేది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఈ జబ్బు మీదే పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

మరి తమిళ జిల్లాల్లోనూ అన్నమే తినేవారు కదా, జబ్బు మనకే ఎందుకు ఎక్కువ? వాళ్లది ఉప్పుడు బియ్యం, మన ఒడియా ఇరుగుపొరుగు వారు ఉసునా అనేది. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడు పైపొరలోని బి1 విటమిను గింజ లోపలికి దిగుతుంది. తరువాత మిల్లాడించినా కొంత మిగులుతుంది. మనవాళ్లకు పచ్చిబియ్యమే కావాలి, అన్నం మల్లెపువ్వులా ఉండాలి! ఇంట్లో రోకలితో దంచుకున్నన్నాళ్లూ ఆ పట్టింపు వల్ల పెద్ద నష్టం లేకపోయింది. మిల్లు వచ్చి గింజను అద్దంలా నునుపు చేశాక తవుడుతో పాటు విటమినూ పోయింది. మిగిలిన కాస్తా కడుగు నీళ్లలోనూ, వార్చిన గంజిలోనూ పోయేది.

తవుడులో ఇంకొకటి కూడా ఉంది, విటమిన్ ఇ. దీన్ని 1922లో అమెరికాలోని బర్క్‌లీలో హెర్బర్ట్ ఇవాన్స్, కాథరిన్ బిషప్ కనిపెట్టారు. శుద్ధి చేసిన తిండి పెట్టిన ఎలుకలు చూలు కట్టినా పిల్లల్ని ఈనలేకపోయాయి. ఆకుకూర, గోధుమ మొలక భాగం పెడితే ఈనాయి. అందుకే 1936లో దానికి ‘సంతానాన్ని మోసేది’ అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో టోకోఫెరాల్ అని పేరు పెట్టారు.

ఎలుకకు పనికొచ్చిందని మనుషులకూ సంతానం మందుగా దీన్ని వాడి చూశారు. ఆ గుణం రుజువు కాలేదు. మన ఒంట్లో అది చేసే పని వేరు. కణాల పొరల్లోని కొవ్వు పాడవకుండా కాస్తుంది. దీని లోటు బెరిబెరిలా ఊళ్ల మీద పడలేదు. నూనెల్లో, వేరుసెనగలో, ఆకుకూరల్లో దొరుకుతుంది, ఒంట్లో కొవ్వులో నిలవ ఉంటుంది. నెలలు నిండని బిడ్డలకూ, కొవ్వు జీర్ణం కాని జబ్బులున్నవారికీ మాత్రం లోటు వచ్చి రక్తకణాలు, నరాలు దెబ్బతింటాయి.

ఐనా బలానికని బిళ్లలు మింగడం ఒక వేలంవెర్రి అయింది. అమెరికా, కెనడాలలో 35 వేల మందికి పైగా మగవారి మీద జరిగిన పరీక్ష ఫలితం 2011లో వెలువడింది. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ మింగినవారిలో ప్రోస్టేట్ క్యాన్సరు 17 శాతం ఎక్కువగా కనబడింది. డాక్టరు రాయకుండా ఆ బిళ్లలు కొనకండి.

ఇప్పుడు మిల్లు తవుడు నుంచే నూనె తీసి సీసాల్లో పోసి మనకు అమ్ముతున్నారు. విటమిన్ ఇ నూనెలోకి వస్తుంది. బి1 నూనెలో కరగదు కనుక రాదు. మిగిలిన చెక్క మళ్లీ పశువులకే పోతోంది.