సెల్మా మేయరు కుర్చీ: ఓటు వచ్చాక ముప్పై ఐదేళ్ళు

అమెరికాలో నల్లజాతి వారి పౌరహక్కుల ఉద్యమం గురించి చదివేటప్పుడు సెల్మా అనే ఊరి పేరు తప్పకుండా వస్తుంది. అది అలబామా రాష్ట్రంలో, అలబామా నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 1960 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 28,385 మంది ఉండేవారు. 1965 మార్చి 7న అక్కడి వంతెన మీద ఊరేగింపుగా వెళ్తున్న వాళ్ళని పోలీసులు కొట్టిన సంగతి చాలామందికి తెలుసు. కానీ ఆ రోజు ఊరి మేయరు ఎవరు, తర్వాత ఆయన సంగతి ఏమైంది అని మనం అడగం. నాకు ఆ ప్రశ్న వచ్చింది. జవాబు చూసి ఆశ్చర్యపోయాను. మధ్యలో కొద్ది కాలం తప్ప, 2000 సంవత్సరం దాకా ఆయనే మేయరు!

ముందుగా ఒక విషయం చెప్పాలి. మన దేశంలో చాలా నగరాల్లో కార్పొరేటర్లు కలిసి మేయరుని ఎన్నుకుంటారు. సెల్మాలో అలా కాదు. మేయరుకి ప్రజలే నేరుగా ఓటు వేస్తారు. పదవీకాలం నాలుగేళ్ళు. రోడ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, ఊరి పోలీసులు, పట్టణంలో ఉద్యోగాలు, వీటన్నిటిలో మేయరు మాట నడుస్తుంది. కాబట్టి ఎవరికి ఓటుందో వాళ్ళ వీధి మీదే మేయరుకి శ్రద్ధ ఉంటుంది.

మరి 1964లో ఓటు ఎవరికి ఉంది? సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీలో ఓటు వేసే వయసున్న నల్లవారు సుమారు 15 వేల మంది. వాళ్ళలో ఓటర్ల జాబితాకెక్కిన వారు మూడు వందల పైచిలుకు మాత్రమే. అంటే వందకి ఇద్దరు! నమోదు కార్యాలయం నెలకి రెండు రోజులే తెరిచేవారు. వెళ్ళిన వాళ్ళకి పరీక్ష పెట్టేవారు. రాజ్యాంగంలో ఏదో ఒక భాగం చదివి అర్థం చెప్పమనేవారు. మార్కులు వేసేది తెల్ల అధికారి, ఫెయిల్ చేసేదీ ఆయనే. బడిపిల్లలకి చెప్పే ఉపాధ్యాయులు కూడా ఆ పరీక్షలో ఫెయిల్ అయ్యారంటే అది ఎలాంటి పరీక్షో మీరే ఆలోచించండి. మన దేశంలో 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో చదువు రానివారు కూడా గుర్తు చూసి ఓటు వేశారు. అక్కడ చదువుకున్నవారికే ఓటు లేదు.

అలాంటి సమయంలో, 1964లో, జోసెఫ్ స్మిథర్‌మన్ మేయరుగా గెలిచారు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్ళు. గృహోపకరణాలు అమ్మే వ్యాపారం చేసి, నగర కౌన్సిల్ సభ్యుడై, అక్కడి నుంచి మేయరు అయ్యారు. రోడ్లు వేయిస్తాను, ఫ్యాక్టరీలు తెప్పిస్తాను అని చెప్పి ఓట్లు అడిగారు. కానీ తెల్లవారు, నల్లవారు వేరువేరుగా ఉండాలనే పాత పద్ధతినే ఆయన సమర్థించారు. 1965లో విలేఖరుల ముందు మార్టిన్ లూథర్ కింగ్ పేరుని అవమానకరంగా పలికి, నోరు జారిందని సర్దుకున్నారు కూడా.

1965 జనవరి 22న వందమందికి పైగా నల్లజాతి ఉపాధ్యాయులు కోర్టు భవనం దాకా నడిచి వెళ్ళారు. వాళ్ళకి ముందు నడిచినది ఫ్రెడరిక్ రీస్ అనే మాస్టారు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా వెళ్ళారు. ఆ మాస్టార్లని చూసి వాళ్ళ విద్యార్థులు కూడా వీధుల్లోకి వచ్చారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన రోజు ఇదే.

తర్వాత మార్చి 7న సుమారు 600 మంది రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీకి నడవడానికి బయలుదేరారు. దూరం 54 మైళ్ళు. ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాటగానే రాష్ట్ర పోలీసులు, షెరీఫ్ జిమ్ క్లార్క్ మనుషులు లాఠీలతో, బాష్పవాయువుతో మీద పడ్డారు. ముందు నడిచిన జాన్ లూయిస్ తల పగిలింది. ఇది టీవీలో దేశమంతా చూసింది. కొట్టినవాళ్ళు మేయరు కింద పనిచేసేవాళ్ళు కారు, నిజమే. కానీ ఊరు ఆయనది. ఆపడానికి ఆయన ముందుకి రాలేదు. మార్చి 21న మళ్ళీ బయలుదేరిన యాత్ర 25న మాంట్‌గోమరీ చేరింది. అదే ఏడాది ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ అధికారులు సెల్మాకే వచ్చి పేర్లు నమోదు చేశారు. కొన్ని నెలల్లోనే వేలమంది నల్లవారు ఓటర్లయ్యారు.

ఓటు ఫలితం వెంటనే కనిపించింది. 1966లో షెరీఫ్ ఎన్నికల్లో జిమ్ క్లార్క్ ఓడిపోయాడు. ఆయన్ని ఓడించిన విల్సన్ బేకర్ కూడా తెల్లవాడే. కానీ నల్లవారు ఆయనకి ఓటు వేశారు, ఎందుకంటే లాఠీ పట్టిన మనిషిని దించాలి. 1972లో వార్డుల వారీగా ఎన్నికలు జరిగితే ఐదుగురు నల్లవారు కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు. వాళ్ళలో మన రీస్ మాస్టారు ఒకరు.

మరి మేయరు? ఇక్కడే అసలు విషయం ఉంది. స్మిథర్‌మన్‌కి లెక్క బాగా తెలుసు. ఓట్లు ఎక్కడ ఉన్నాయో చూసుకున్నారు. నల్లవారి పేటల్లో మట్టిరోడ్లకి తారు వేయించారు, వీధి దీపాలు పెట్టించారు, పట్టణ ఉద్యోగాల్లో నల్లవారిని తీసుకున్నారు. 1998లో జాన్ లూయిస్ సెల్మాకి వస్తే గౌరవంగా నగర తాళంచెవి ఇచ్చారు. ఆయన మనసు నిజంగా మారిందా, లేక ఓట్ల కోసమా? నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. 1964కి ముందు ఆ వీధుల వాళ్ళు ఎన్నిసార్లు అడిగినా పడని రోడ్డు, వాళ్ళ చేతికి ఓటు వచ్చాక పడింది. మనిషి అదే, కుర్చీ అదే, మారింది ఓటర్ల జాబితా.

అయినా తమవాడు ఆ కుర్చీలో కూర్చోవాలనే కోరిక పోలేదు. రోడ్డు వేయించుకోవడం వేరు, ఏ రోడ్డు వేయాలో తానే నిర్ణయించడం వేరు. జేమ్స్ పెర్కిన్స్ అనే సెల్మా వాసి కంప్యూటర్ రంగంలో పనిచేసేవారు. 1992లో పోటీ చేసి ఓడిపోయారు. 1996లో మళ్ళీ ఓడిపోయారు. మూడోసారి, 2000 సెప్టెంబరు 12న, సుమారు 57 శాతం ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నికల్లో ‘జో పోవాలి’ అన్నదే ఊరంతా వినిపించిన నినాదం. జో అంటే స్మిథర్‌మనే. అప్పటికి ఊళ్ళో పదిమందిలో ఏడుగురు నల్లవారే. వంతెన మీద దెబ్బలు తిన్న ఊరికి నల్లజాతి మేయరు రావడానికి ఓటు వచ్చాక కూడా ముప్పై ఐదేళ్ళు పట్టింది!

కథ ఇక్కడితో సుఖాంతం అని రాయాలని నాకు ఉంది. కానీ చరిత్ర అలా లేదు. 1977లోనే దగ్గరి క్రెయిగ్ వైమానిక స్థావరం మూతపడి ఉద్యోగాలు పోయాయి. జనం వలస వెళ్ళారు. 2020 నాటికి జనాభా 17,971కి తగ్గింది. పెర్కిన్స్ 2008లో జార్జ్ ఎవాన్స్ చేతిలో ఓడి, 2020లో మళ్ళీ గెలిచారు. 2023 జనవరి 12న పెద్ద సుడిగాలి వచ్చి ఎన్నో ఇళ్ళు కూల్చినప్పుడు మేయరు ఆయనే. ఏ రంగు మేయరైనా మూతపడ్డ స్థావరాన్ని తెరిపించలేరు, గాలిని ఆపలేరు.

అయితే 1965 పోరాటం వృథానా? కాదని నా అభిప్రాయం. 2008లో ఓడినది నల్లజాతి మేయరు, గెలిచినదీ నల్లజాతి మేయరే. పని నచ్చకపోతే తమవాడినైనా దించే హక్కు ఆ జనానికి వచ్చింది. రీస్ మాస్టారు కోర్టు మెట్లెక్కినది ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడానికి మాత్రమే కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా తమ గుమ్మం ముందుకి వచ్చి ఓటు అడగాలి, అందుకు.

మరి మూడేళ్ళలో నాకు ఓటు వస్తుంది. దానికి ఎవరూ నాకు పరీక్ష పెట్టరు. పెట్టరు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని సెల్మా గురించి చదివాక అనుకున్నాను.